చక్రము పెద్దదైన డీజిలు మిగులునా?

గ్రామమునకు బండి తెచ్చుట ఒక ఎత్తు, దానిని పోషించుట మరియొక ఎత్తు. బండి వచ్చిననాడు ఊరంతయు చేరి కొబ్బరికాయ కొట్టి సంతోషించును. తరువాత నెలనెలయు వచ్చు డీజిలు బిల్లును చూడవలసినవారు మాత్రము పంచాయతీ సభ్యులే.

నేడు పంచాయతీలకు బండ్లతో నిత్యసంబంధము ఏర్పడినది. ఇంటింట చెత్త సేకరించుటకు, పైపులు, సిమెంటు బస్తాలు, వీధిదీపముల సామగ్రి తెచ్చుటకు చిన్న సరకు బండ్లు నడుచుచున్నవి. వానిలో కొన్ని పంచాయతీ సొంతము, కొన్ని అద్దెవి. పాలు, కూరగాయలు, పూలు పట్టణమునకు చేర్చు పికప్పు బండ్లు గ్రామస్థుల చేతులలో కూడ అనేకము కలవు. ఈ బండ్ల విషయమున రెండు అంకెలు ముఖ్యములు. ఒకటి టైరు కొలత, రెండవది గేరు నిష్పత్తి. ఈ రెండును డీజిలు ఖర్చును ఎట్లు మార్చునో, అంతకంటె ముఖ్యముగా డీజిలు లెక్కను ఎట్లు తారుమారు చేయునో ఈ పాఠమున తెలిసికొందము. ఇది మెకానిక్కులకు మాత్రమే చెందిన విషయము కాదు. ఈ అంకెలు తెలియనిచోట ప్రజాధనము వ్యర్థమగును. ఒక్కొక్కప్పుడు నిర్దోషియైన మనుష్యుడు దొంగయను నిందకు గురియగును.

ఒక నెల లెక్క

ఒక పంచాయతీని ఊహించుకొందము. దానికి ఒక పికప్పు బండి కలదు. అది దినమునకు 40 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 దినములు, అనగా 1,000 కిలోమీటర్లు తిరుగుచున్నది. లీటరుకు 12.5 కిలోమీటర్ల వంతున నెలకు 80 లీటర్ల డీజిలు అగుచున్నది. కొన్ని నెలలుగా లాగ్ పుస్తకమున ఇదే లెక్క సాగుచున్నది.

ఇంతలో రాతిబాటపై టైర్లు కోసుకొనిపోయినవి. క్రొత్తవి కొనవలసి వచ్చినది. టైర్ల దుకాణమువాడు ఒక సలహా చెప్పినాడు: "ఒక సైజు పెద్దవి వేయించండి. బండి ఎత్తు లేచును, గుంతలలో తగలదు, మైలేజీ కూడ పెరుగును." ఆ మాట వినసొంపుగా నున్నది. నాలుగు టైర్లును మార్చిరి.

మరుసటి నెల లాగ్ పుస్తకము సమావేశమునకు వచ్చినది. బండి రోజూ పోవు దారినే పోయినది, అన్ని ట్రిప్పులు జరిగినవి. కాని మీటరు 959 కిలోమీటర్లే చూపినది. డీజిలు 82 లీటర్లు పట్టినది. కార్యదర్శి భాగించి చూచినచో లీటరుకు 11.7 కిలోమీటర్లు వచ్చినది. పాత లెక్క ప్రకారము 959 కిలోమీటర్లకు 76.7 లీటర్లు చాలును. తక్కిన 5.3 లీటర్లు ఏమైనవి?

ఒక పెద్ద సభ్యుడు డ్రైవరును పిలిపించినాడు. "ఏమయ్యా, బండి తక్కువ తిరిగినది, డీజిలు ఎక్కువ త్రాగినది. అయిదు లీటర్లు ఎక్కడికి పోయినవి?"

"అయ్యా, రోజూ పోయే దారినే పోయినాను. ఒక్క చుక్క కూడ ముట్టుకోలేదండి" అని డ్రైవరు తలవంచుకొని నిలిచినాడు.

నెలకు 5.3 లీటర్లన్నచో ఏడాదికి 64 లీటర్లకు దగ్గర. జీతములో కోయవలెనని ఒకరు, మనిషినే మార్చవలెనని మరియొకరు అనుచున్నారు. తీర్మానము వ్రాయుటకు ముందు ఆ సభవారు ఒక కొలత టేపును, ఒక సుద్దముక్కను తెప్పించినచో నిజము తేలును. అది ఎట్లో చూతము.

టైరుపై వ్రాసిన అంకెలు

ప్రతి టైరు పక్కగోడపై దాని కొలత అచ్చుపోసి యుండును. మన కథలోని పాత టైరుపై 215/75 ఆర్ 15 అని యున్నదనుకొందము. ఇందు 215 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అనగా పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 75 వంతులు. 'ఆర్' అను అక్షరము ఆ టైరు రేడియల్ జాతిదని తెలుపును. 15 అనగా ఆ టైరు ఎక్కు రిమ్ము వ్యాసము 15 అంగుళములు, అనగా 381 మిల్లీమీటర్లు.

ఇక లెక్క సులభము. 215లో నూటికి 75 వంతులన 161.25 మిల్లీమీటర్లు. పక్కగోడ రిమ్మునకు పైనను క్రిందను ఉండును గనుక దానిని రెట్టింపు చేసి 381కి కలుపవలెను. టైరు మొత్తము వ్యాసము 703.5 మిల్లీమీటర్లు. దీనిని 3.1416తో హెచ్చవేసిన చుట్టుకొలత వచ్చును. అది 2.21 మీటర్లు. చక్రము ఒక చుట్టు తిరిగినచో బండి ముందుకు పోవు దూరము ఇంచుమించు అంతయే.

క్రొత్త టైరుపై 235/75 ఆర్ 15 అని యున్నది. అదే విధముగ లెక్కించినచో వ్యాసము 733.5 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 2.30 మీటర్లు. చూపునకు వ్యత్యాసము వ్రేలి వెడల్పు రెండింతలకు మించదు. కాని ప్రతి చుట్టునకు బండి 9 సెంటీమీటర్లకు పైగా హెచ్చుగా పోవుచున్నది. శాతములో చెప్పినచో 4.26.

మీటరు దూరమును కొలువదు

బండి మీటరు రోడ్డును చూడలేదు. అది చుట్లను మాత్రమే లెక్కించును. గేరుపెట్టె వెనుక తిరుగు ఇరుసును గాని, చక్రమును గాని అనుసరించి, ఇన్ని చుట్లు తిరిగిన ఒక కిలోమీటరు అని కర్మాగారమున ముందే నిర్ణయించి పంపుదురు. ఆ నిర్ణయము బండితో వచ్చిన టైరు కొలతపై ఆధారపడినది. టైరు మారినను మీటరు పాత లెక్కనే చెప్పుచుండును.

కావున పెద్ద టైరు వేసినపుడు చుట్లు తగ్గును, మీటరు తక్కువ చూపును. నిజముగా 1,000 కిలోమీటర్లు తిరిగిన బండి 959 మాత్రమే చూపుటకు కారణమిదే. ఇప్పుడు ఆ 5.3 లీటర్లను రెండుగా విడదీయవచ్చును. నిజదూరము 1,000 కిలోమీటర్లే గనుక పాత లెక్కన 80 లీటర్లు కావలెను. 76.7కును 80కిని నడుమ గల 3.3 లీటర్లు ఎక్కడికిని పోలేదు, ఎవ్వరును తీయలేదు. అవి మీటరు తప్పు వలన కాగితముపై పుట్టిన కొరత. మిగిలిన 2 లీటర్లు మాత్రము నిజమైన అధికవ్యయము. దానికి కారణము క్రొత్త టైర్లే కావచ్చును. అది తెలియవలెనన్న గేర్ల సంగతి తెలియవలెను.

సైకిలు నేర్పు పాఠము

గేరు నిష్పత్తి అను మాట విని బెదరనక్కరలేదు. సైకిలు త్రొక్కినవారందరికి అది కాళ్లకు తెలిసినదే. పెడలు దగ్గరి పళ్లచక్రమునకు 44 పళ్లు, వెనుక చక్రపు పళ్లబిళ్లకు 18 పళ్లు ఉన్నచో, పెడలు ఒక చుట్టు త్రిప్పగా వెనుక చక్రము సుమారు 2.44 చుట్లు తిరుగును. వెనుక బిళ్ల పళ్లు తగ్గించినచో ఒక్క త్రొక్కునకు సైకిలు దూరము పోవును. కాని ఎదురుగాలిలోను, చెరువుకట్ట ఎక్కునప్పుడును మోకాళ్లు నొచ్చును. పళ్లు పెంచినచో త్రొక్కుట తేలిక, కాని కాళ్లు గబగబ ఆడింపవలెను. బలము కావలెనన్న వేగము తగ్గించుకొనవలెను, వేగము కావలెనన్న బలము తగ్గించుకొనవలెను. రెండును ఒకేసారి ఉచితముగా ఇచ్చు గేరు లోకమున లేదు.

పికప్పు బండిలో ఈ మార్పు రెండుచోట్ల జరుగును. మొదటిది డ్రైవరు చేతికి అందుబాటులో నున్న గేరుపెట్టె. రెండవది వెనుక ఇరుసు నడుమ గల గుండ్రని పెట్టెలోని క్రౌను, పినియను. క్రౌనుకు 41 పళ్లు, పినియనుకు 10 పళ్లు ఉన్నచో నిష్పత్తి 4.1. అనగా పొడవాటి ఇరుసు 4.1 చుట్లు తిరిగిన చక్రము ఒక చుట్టు తిరుగును.

ఒక బండిలో నాల్గవ గేరు నిష్పత్తి 1, ఐదవ గేరు నిష్పత్తి 0.8 అనుకొందము. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగమున, అనగా నిమిషమునకు 1,000 మీటర్లు పోవుచున్నది. పాత టైరు చుట్టుకొలత 2.21 మీటర్లు గనుక చక్రము నిమిషమునకు సుమారు 452 చుట్లు తిరుగును. నాల్గవ గేరులో ఇంజను దానికి 4.1 రెట్లు, అనగా 1,855 చుట్లు తిరుగవలెను. ఐదవ గేరులో 1,484 చుట్లు చాలును.

పెద్ద టైరు వేసినచో చక్రపు చుట్లు 434కు తగ్గును. ఐదవ గేరులో ఇంజను చుట్లు సుమారు 1,423 అగును. అనగా క్రౌను, పినియనులను ముట్టుకొనకయే వాని నిష్పత్తిని 4.1 నుండి 3.93కు తగ్గించినట్లయినది. టైరు మార్చుట గేరు మార్చుటయే. ఈ పాఠమున గుర్తుంచుకొనవలసిన ప్రధానసూత్రమిది.

అమెరికాలో పికప్పు బండ్లు కొనువారు ఒకే నమూనా బండికి 3.55, 3.73, 4.10 వంటి వేర్వేరు నిష్పత్తులలో తమ పనికి తగినదానిని ఎంచుకొను ఆచారము కలదు. బరువైన ట్రైలరు లాగువారు పెద్ద అంకెను, దూరప్రయాణము చేయువారు చిన్న అంకెను కోరుదురు. పెద్ద టైర్లు వేయించుకొన్నవారు పోయిన బలమును తిరిగి తెచ్చుకొనుటకు ఖర్చుపెట్టి క్రౌను, పినియనులను కూడ మార్పించుకొందురు. మన గ్రామములలో సామాన్యముగా బండి ఏ నిష్పత్తితో వచ్చునో దానితోనే జీవితాంతము నడుచును. కావున టైరు కొలతను మార్చునపుడు మనము మరింత జాగ్రత్త వహింపవలెను.

ఇంజనుకు నచ్చిన నడక

ఇంజను చుట్లు తగ్గినచో డీజిలు తగ్గవలెను గదా యని కొందరు అడుగవచ్చును. దుకాణమువాని మాటకు ఆధారమిదే. అందులో సగము నిజము కలదు.

ఇంజను తిరుగుటకే కొంత డీజిలు ఖర్చగును. పిస్టన్లు, బేరింగులు, పంపులు ఒరిపిడి చెందుచుండును. చుట్లు పెరిగిన కొలదియు ఆ ఒరిపిడికై వ్యర్థమగు డీజిలు పెరుగును. కావున తగినంత బరువు మోయుచు, మధ్యస్థమైన చుట్లతో తిరుగు ఇంజను పొదుపుగా పనిచేయును. కాని చుట్లు మరీ తగ్గి, బరువు మరీ పెరిగినచో ఇంజను ఈడ్చుకొనిపోవును. బండి వణకును, పొగ చిమ్మును. డ్రైవరు క్రింది గేరునకు దిగక తప్పదు.

ఎద్దులను తోలినవారికి ఇది క్రొత్త కాదు. జోడెద్దులను పరుగెత్తించినను అలసిపోవును, మోయలేని బరువు కట్టి అడుగు తీసి అడుగు వేయనీయకున్నను అలసిపోవును. వానికి నచ్చిన నడక ఒకటి కలదు. ఇంజనుకును అంతే. కర్మాగారమువారు టైరు కొలత, క్రౌను పినియను, గేరుపెట్టె మూడింటిని కలిపి, నిండు బరువుతో ఎక్కవలసిన ఎత్తులను కూడ యోచించి ఆ నడకను కుదిర్చెదరు. అందులో ఒకదానిని మార్చిన మూడింటి పొందిక చెడును.

పెద్ద టైరు ఎవరికి లాభము, ఎవరికి నష్టము

చదునైన రహదారిపై, తక్కువ బరువుతో, ఆగకుండ నిలకడగా పోవు బండికి పెద్ద టైరు వలన ఇంజను చుట్లు తగ్గి స్వల్పముగా డీజిలు కలిసిరావచ్చును. గ్రామపు బండి నడక అట్టిది కాదు.

చెత్తబండి ఇంటింటి ముందర ఆగును. ఆగిన ప్రతిసారి మరల కదలవలెను. పెద్ద టైరు బరువైనది. దానిని తిరుగుడులో పెట్టుటకు హెచ్చు బలము కావలెను. బ్రేకు వేసినపుడు ఆ బలమంతయు వేడియై పోవును. పైగా చక్రపు వ్యాసము పెరిగిన కొలది నేలపై ఇంజను లాగు బలము తగ్గును. మన ఉదాహరణలో ఆ తగ్గుదల నూటికి 4 వంతులు. ఇంతకుముందు మూడవ గేరులో చెరువుకట్ట ఎక్కిన బండి ఇప్పుడు రెండవ గేరునకు దిగవలసి రావచ్చును. అప్పుడు ఇంజను చుట్లు తగ్గుటకు బదులు పెరుగును. రహదారిపై మిగిలిన చుక్కలు కట్టపైన కారిపోవును.

వెడల్పు విషయము కూడ కలదు. వెడల్పైన టైరు గాలికి హెచ్చుగా అడ్డుపడును. గుంతల బాటకు పనికివచ్చునని ఎత్తైన గట్ల టైరు వేసినచో తారురోడ్డుపై దొర్లుటకు హెచ్చు బలము తీసికొనును.

డీజిలు కంటె ముఖ్యమైనది ప్రాణము. పెద్ద టైరు వేసినపుడు అదే బ్రేకు నేలపై చూపు పట్టు కొంత తగ్గును. వేగపు ముల్లు నిజవేగము కంటె తక్కువ చూపుటకు అవకాశము కలదు. మలుపులలో టైరు మడుగార్డునకు రాసుకొనుట కూడ జరుగవచ్చును. బండి రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగ బండిని మార్చుటను 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను నిషేధించుచున్నది. సరకు బండ్ల టైర్ల సంఖ్య, కొలత ఆ పత్రమునకు ఎక్కు వివరములలోనివే. ప్రమాదము జరిగినపుడు బీమావారితో తగవు వచ్చుటకు ఇట్టి మార్పు కారణము కాగూడదు.

చిన్న టైరు, అరిగిన టైరు

దీనికి ప్రతిగా చిన్న టైరు మరియొక మాయ చేయును. ధర తక్కువయని 205/75 ఆర్ 15 వేసినారనుకొందము. దాని వ్యాసము 688.5 మిల్లీమీటర్లు. పాతదానికంటె సుమారు 2 శాతము తక్కువ. నిజముగా 1,000 కిలోమీటర్లు తిరిగిన బండి మీటరుపై సుమారు 1,022 చూపును. అదే 80 లీటర్లకు లాగ్ పుస్తకమున 12.5కు బదులు 12.77 కనబడును. సభ్యులు మైలేజీ పెరిగినదని సంతోషింతురు. వాస్తవమున ఇంజను హెచ్చు చుట్లు తిరుగుచున్నది, పెరిగినది కాగితముపై అంకె మాత్రమే. అద్దె బండికి కిలోమీటరు చొప్పున సొమ్ము చెల్లించుచున్న పంచాయతీ లేని కిలోమీటర్లకు కూడ చెల్లించును. పైగా చిన్న టైరు మోయగల బరువు తక్కువ కావచ్చును. నిండు బరువుతో అది పగిలినచో కలుగు నష్టమునకు లెక్కయే లేదు.

అరిగిన టైరు కూడ చిన్న టైరే. క్రొత్త టైరు గాళ్ల లోతు 9 మిల్లీమీటర్లుండి, అరిగి 2 మిల్లీమీటర్లకు దిగినచో వ్యాసము 14 మిల్లీమీటర్లు తగ్గును. అది మన టైరుపై సరిగా 2 శాతము. కావున అరిగిన టైర్లు తీసి అదే కొలత క్రొత్త టైర్లు వేసిన నెలలో కూడ పుస్తకమున మైలేజీ కొంత తగ్గినట్లు కనబడును. దానికి డ్రైవరును తప్పుపట్టరాదు. లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరుపై ఇట్టి బండిని నడుపుట నిబంధనలకు విరుద్ధము. మైలేజీ బాగున్నదని అరిగిన టైరును సాగదీయుట ప్రాణములతో ఆడుకొనుటయే.

టైరు కొలతకంటె ముందు చూడవలసినవి

డీజిలు మిగుల్చుకొనదలచినవారు పెద్ద టైర్లకు సొమ్ము పెట్టుటకు ముందు, సొమ్ము అక్కరలేని మూడు పనులు చేయవలెను.

మొదటిది గాలి. గాలి తగ్గిన టైరు నేలపై పరచుకొని, ప్రతి చుట్టునకు నలిగి వేడెక్కును. ఆ వేడి డీజిలు నుండి వచ్చినదే. టైర్ల సగటు గాలి ఒక్కొక్క పౌండు తగ్గిన కొలది మైలేజీ సుమారు 0.2 శాతము తగ్గునని అమెరికా ఇంధనశాఖ తెలుపుచున్నది. పది పౌండ్లు తగ్గినచో రెండు శాతము పోయినట్లే. బండి కదలకముందు, టైర్లు చల్లగా నున్నపుడు, వారమునకొకసారి గాలి చూపింపవలెను. ఎంత గాలి యుండవలెనో బండి తలుపు ప్రక్కగాని, కంపెనీ పుస్తకమునగాని వ్రాసియుండును.

రెండవది వేగము. గాలి ఎదిరింపు వేగపు వర్గమును బట్టి పెరుగును. గంటకు 60 కిలోమీటర్లతో పోల్చినచో 80 వద్ద అది 1.78 రెట్లు. 1978లో ఏర్పడిన పెట్రోలియము పొదుపు పరిశోధన సంఘము 45 నుండి 55 కిలోమీటర్ల వేగమును పొదుపు వేగముగా ప్రచారము చేసినది. బండిపై గడ్డిమోపులు, ఖాళీ పెట్టెలు ఎత్తుగా పేర్చినచో గాలి ఎదిరింపు మరింత హెచ్చును.

మూడవది డ్రైవరు చేయి. గేరును సమయమునకు పైకి మార్చుట, బండి మూలుగకముందే క్రిందికి దించుట, ఆగియున్నపుడు ఇంజను ఆర్పుట, ముందుచూపుతో నడిపి బ్రేకులు తగ్గించుట మంచి డ్రైవరు లక్షణములు. అట్టివానిని తప్పు లెక్కతో పోగొట్టుకొన్న పంచాయతీకి డీజిలు నష్టముతోపాటు మనిషి నష్టము కూడ కలుగును.

ట్రాక్టరు లెక్క వేరు

తెలంగాణలో 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము వెంబడి గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు, ట్రాలీలు, నీటి ట్యాంకర్లు సమకూడినవి. ట్రాక్టరునకు గంటల మీటరు ఉండును. అది ఇంజను తిరుగుడును అనుసరించును గాని చక్రములను అనుసరింపదు. కావున టైరు మారినను గంటల లెక్క మారదు. ట్రాక్టరు డీజిలును గంటకు ఇన్ని లీటర్లని లెక్కించుట మేలు. అయితే నాలుగు చక్రములును లాగు ట్రాక్టరులో ముందు టైర్లు, వెనుక టైర్లు నిర్ణీత పొందికలో ఉండవలెను. ఒక జతను మాత్రమే వేరు కొలతకు మార్చినచో ముందు వెనుక చక్రములు ఒకదానితో నొకటి పోట్లాడుకొని టైర్లు అరుగును, గేర్లకు చేటు కలుగును, డీజిలు వ్యర్థమగును.

సుద్దముక్క పరీక్ష

ఇప్పుడు మన పంచాయతీ సభకు తిరిగి వత్తము. సభ్యులు బండి నిలిపిన చదునైన నేలకు రావలెను. వెనుక టైరు నేలను తాకు చోట టైరుపైనను నేలపైనను సుద్దతో గీత గీయవలెను. బండిని మెల్లగా తిన్నగా కదిపి, టైరుపై గీత పదిసార్లు నేలను తాకువరకు లెక్కించి, అచ్చట మరల గీత గీయవలెను. రెండు గీతల నడుమ దూరమును టేపుతో కొలువవలెను. బరువునకు టైరు కొంత అణగును గనుక ఈ కొలత కాగితపు లెక్కకంటె కొద్దిగా తక్కువ వచ్చును. అది దోషము కాదు. స్టెప్నీ పాత కొలతదైనచో దానిని వెనుకకు ఎక్కించి అదే పరీక్ష చేయవలెను. క్రొత్త కొలతను పాత కొలతతో భాగించిన వచ్చునదే సవరణ అంకె. మన ఉదాహరణలో అది సుమారు 1.043. మీటరు చూపిన 959ని 1.043తో హెచ్చవేయుడు. నిజదూరము 1,000 కిలోమీటర్లు తేలును.

పాత టైరు దొరకనిచో రహదారిపై కిలోమీటరు రాళ్ల వెంబడి 10 కిలోమీటర్లు నడిపి మీటరును సరిచూడవచ్చును. చేతిఫోనులోని పటము కూడ ఈ పనికి వచ్చును.

ఈ పరీక్షకు ముందే ఆలోచించు సభ్యునికి ఒక సందేహము తట్టవలసియున్నది. డీజిలు దొంగిలించువాడు మీటరు హెచ్చుగా చూపవలెనని కోరును గాని తక్కువ చూపవలెనని కోరడు. అన్ని ట్రిప్పులు జరిగి, దారి మారక, మీటరు మాత్రము తగ్గినచో ముందుగా చూడవలసినది టైరును, తరువాతనే మనిషిని. అట్లని దొంగతనమే ఉండదని మేము చెప్పుట లేదు. నిజదూరము తేల్చిన తరువాత కూడ పెద్ద కొరత మిగిలినచో విచారణ జరుపవలసినదే. సరియైన కొలత నిర్దోషిని కాపాడును, దోషికి సాకు లేకుండ చేయును.

సభ్యులు పాటింపవలసిన పద్ధతి

ఒకటి: బండి రిజిస్ట్రేషను పత్రములోను, కంపెనీ పుస్తకములోను గల టైరు కొలతను లాగ్ పుస్తకము మొదటి పుటపై వ్రాయింపవలెను. క్రొత్త టైర్ల కొనుగోలు తీర్మానమున ఆ కొలతయే ఉండవలెను.

రెండు: టైరు మోయగల బరువు అంకె పాతదానికంటె తక్కువ కాగూడదు. పక్కగోడపై చివర గల నాలుగంకెలు తయారైన వారమును, సంవత్సరమును తెలుపును. 1224 అని యున్నచో 2024లో 12వ వారమున తయారైనదని అర్థము. ఏండ్ల తరబడి గోదాములో మ్రగ్గిన టైరును క్రొత్తదని కొనరాదు.

మూడు: టైర్లు మార్చిన దినము, మీటరు అంకె, పది చుట్ల కొలత పుస్తకమున ఎక్కింపవలెను.

నాలుగు: మైలేజీని తేల్చునపుడు ట్యాంకు నిండుగా పోయించి, మీటరు వ్రాసికొని, కొన్ని వందల కిలోమీటర్లు నడిపి, అదే బంకులో మరల నిండుగా పోయించి భాగింపవలెను. ఒక్క దినపు లెక్కతో ఎవరిపైనను నిర్ణయము చేయరాదు.

మన ఊహలోని సభలో ఈ పద్ధతి పాటించినచో తీర్మానము వేరుగా నుండును. డ్రైవరు పేరు ముందు నింద వ్రాయబడదు. నెలకు 2 లీటర్ల నిజమైన నష్టము మాత్రము లెక్కకు వచ్చును. ఆ నష్టమునకు బాధ్యత టైరు కొలతను అడుగక కొనుగోలును ఆమోదించిన సభదే. తరువాతి కొనుగోలులో పాత కొలతకు మరలుట సభ్యుల చేతిలోని పని. పంచాయతీ ధనమునకు సభ్యులు ధర్మకర్తలు. ధర్మకర్త చేతిలో కలముతోపాటు కొలత టేపు కూడ ఉండవలెను.

అభ్యాసము

1. మీ పంచాయతీ బండి టైరుపై గల అంకెలను చదివి దాని చుట్టుకొలతను లెక్కింపుడు.

2. పాత టైరు పది చుట్లకు 21.5 మీటర్లు, క్రొత్త టైరు పది చుట్లకు 22.4 మీటర్లు పోయినవి. టైర్లు మార్చిన తరువాత మీటరు 1,200 కిలోమీటర్లు చూపినది. నిజదూరమెంత? (సుమారు 1,250 కిలోమీటర్లు.)

3. గడచిన ఆరు నెలల లాగ్ పుస్తకమును ముందుంచుకొని, మైలేజీ మారిన నెలలో టైర్లు, దారి, బరువు, డ్రైవరు అను నాలుగింటిలో ఏది మారినదో సమావేశమున చర్చింపుడు.